అత్తమ్మకు తెలిసిన ఇంజను

"దీని బూడిద ఎటు పడ్తది బిడ్డా?"

రెండేళ్లుగా నేను తయారు చేస్తున్న చిన్న ఆవిరి ఇంజన్ను మొదటిసారి తన ముందు పెట్టినప్పుడు మా అత్తమ్మ అడిగిన మాట ఇది. ఇదేందని అడగలేదు. దీన్ని పెట్టి ఏం చేస్తవని అడగలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, వంగి, చక్రాల మధ్యకు చూసి, అడుగున ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి తడిమి, బూడిద సంగతి అడిగింది.

అప్పటికి మా ఇంటికి వచ్చినవాళ్లు చాలామంది ఆ ఇంజన్ను చూశారు. బొమ్మ బాగుందన్నారు, ఇంత బరువేందన్నారు, పొగ వస్తదా అన్నారు. బూడిద గురించి ఒక్కరూ అడగలేదు. బొగ్గు ఇంజనుకు పొయ్యి కింద బూడిద రాలే పెట్టె ఒకటి ఉంటుందని, అది నిండితే స్టేషన్లో పట్టాల మధ్య గుంటలో దులిపేవాళ్లని నాకే ఆ మధ్య చదివితే తెలిసింది. మా అత్తమ్మకు చదువు రాదు. పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. ఝరాసంగం దగ్గరి పల్లెలో జొన్న, కంది, పత్తి చేన్లు తప్ప ఇంకో లోకం చూడని మనిషని నేను అనుకునేదాన్ని.

"ఇది బొగ్గుతోని నడువదు అత్తమ్మా. కింద స్పిరిట్ దీపం పెడ్త. బూడిద రాదు" అన్నాను.

"బూడిదనే రాదా?" అని ఇంకోసారి అడిగింది. "అయితె మంచిదే" అని వంటింట్లోకి పోయి చింతపండు పిసకడం మొదలుపెట్టింది.

నేను ఇంజను పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నా గురించి కొంచెం చెప్పాలి. నేను ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పుతాను. ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేయడం, రంధ్రానికి మర తీయడం, రెండు ముక్కలను వెలుతురు దూరనంత దగ్గరగా కూర్చడం, పొద్దంతా పిల్లలతో ఇదే చేయిస్తాను. ఇంటికి వచ్చి మళ్లీ అదే పని ముందేసుకుని కూర్చుంటే మా ఆయన నవ్వేవాడు. ఆయనకు హైవే పక్కన ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. మా అమ్మాయి హాస్టల్లో చదువుకుంటున్నది. మామయ్య పోయిన తర్వాత, మూడేళ్ల కింద, అత్తమ్మ పల్లె విడిచి జహీరాబాద్‌లో మా దగ్గరికి వచ్చింది. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఉన్నట్టే తెలియదు. నేను కూడా ఆమెతో కూర, నీళ్లు, మందుబిళ్లలు దాటి మాట్లాడింది తక్కువే.

చిన్న ఆవిరి ఇంజన్ల పిచ్చి నాకు ఫోన్లో వీడియోలు చూసి పట్టుకుంది. పుణెలో ఒక పెద్దాయన నాలాంటివాళ్ల కోసం విడిభాగాలు పోత పోసి, గీతలు గీసిన కాగితాలతో సహా పంపుతాడు. నేను తెప్పించుకున్నది ట్యాంకు ఇంజను. పెద్ద రైలింజన్లకు బొగ్గు, నీళ్లు మోసే డబ్బా ఒకటి వెనక తగిలించి ఉంటుంది. ట్యాంకు ఇంజనుకు అది ఉండదు. తన నీళ్లను తన ఒంటికే, బాయిలర్‌కు రెండు పక్కలా పెట్టెల్లో మోసుకుంటుంది. పొట్టిగా, బలిసినట్టు ఉంటుంది. నాది జానెడున్నర పొడుగు. అయినా అంతా నిజమే. రాగి బాయిలర్, ఇత్తడి సిలిండర్లు, లోపల మరిగేది నిజం నీళ్లు, నడిపేది నిజం ఆవిరి.

బూడిద మాట జరిగిన పదిహేను రోజులకు రెండోసారి విస్తుపోయాను.

బాయిలర్ బిగించకముందు సిలిండర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో గాలితో చూసుకోవాలి. బండి టైర్లకు గాలి కొట్టే చిన్న మోటారును ఇంజనుకు తగిలించి, చక్రాలు పైకి లేపి పెట్టి తిప్పుతున్నాను. చక్రాలు తిరుగుతున్నాయి కానీ సాఫీగా లేదు. ఎక్కడో చిన్న వెనుకాట. నెల రోజులుగా దాంతోనే కుస్తీ పడుతున్నాను. విప్పడం, తుడవడం, బిగించడం, మళ్లీ అంతే. ఆ ఆదివారం పొద్దున అత్తమ్మ హాల్లో చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నది. తల ఎత్తకుండానే అన్నది.

"నాలుగు దెబ్బలు గొట్టాలె. అది మూడు గొట్టి ఒకటి మింగుతున్నది."

"ఏంది అత్తమ్మా?"

"ఇను. ఛఫ్, ఛఫ్, ఛఫ్, ఆ తర్వాత ఉత్తదే. ఒక దిక్కు కుంటుతున్నది."

నేను మోటారు వేగం తగ్గించి చెవి దగ్గర పెట్టాను. నిజమే. చక్రం ఒకసారి తిరిగితే ఇంజను నాలుగుసార్లు ఊపిరి వదలాలి. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు. నాలుగోది రావడం లేదు. కొలతలు కొలిచే పరికరాలన్నీ ముందు పెట్టుకుని నెల రోజులు నేను పట్టుకోలేనిది ఆమె పప్పు ఏరుకుంటూ పట్టుకుంది. ఎడమ పక్క విప్పి చూస్తే వాల్వును కదిలించే ముక్క మీద స్క్రూ వదులై, అది తన చోటు నుంచి జరిగి ఉంది. సరిచేసి మళ్లీ తిప్పాను.

"ఆఁ, గిప్పుడు" అన్నది అత్తమ్మ, చాట చెరుగుతూ.

"నీకెట్ల తెలుసు అత్తమ్మా ఇది?"

"ఇన్న ఎప్పుడో" అన్నది. అంతే. చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయనకు చెప్తే పడి పడి నవ్వాడు. "మా అమ్మనా? రైలు కూత ఇంటెనే తలుపు పెట్టుకుంటది. నా చిన్నప్పుడు హైదరాబాద్ పోవాల్నంటె బస్సే. రైల్ల పోదాం అమ్మా అని ఏడిస్తె ఒకసారి కొట్టింది గూడ. నన్ను ఆమె కొట్టింది అదొక్కసారే."

ఆ మాట విన్నాక నాకు ఇంకా అయోమయంగా అనిపించింది. కానీ అడిగితే చెప్పే మనిషి కాదు. వదిలేశాను. వదిలేయడం నా అలవాటు కూడా.

ఇంజనుకు మొదటిసారి నిప్పు పెట్టిన రోజు కూడా ఆదివారమే. ఎండలు ముదిరే కాలం. డాబా మీద రెండు ఇటుక వరుసల మీద పొడవాటి పలకలు పరిచి, వాటి మీద చిన్న పట్టాలు బిగించాను. మా ఆయన దుకాణానికి పోయాడు. పదకొండు గంటలకు నేను ఇంజను, స్పిరిట్ సీసా, నూనె, నీళ్లు అన్నీ పైకి మోసుకుపోతుంటే, అత్తమ్మ పిలవకుండానే వెనకాల వచ్చింది. చేతిలో నీళ్లు కారుతున్న గోనె సంచి.

"అదెందుకు అత్తమ్మా?"

"కాళ్లు కాల్తయ్ గద. కాళ్ల కింద ఏస్కుంట" అన్నది. నీళ్ల ట్యాంకు నీడలో స్టూలు వేసుకుని, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది.

నాకు ఆమె మీద ధ్యాస లేదు. బాయిలర్లో నీళ్లు నింపాను. అడుగున ఉన్న చిన్న డబ్బాలో స్పిరిట్ పోస్తుంటే కొంచెం పొర్లింది. పలక మీద తడి మరక కనిపించింది. ఎండకు ఆరిపోతుందిలే అనుకున్నాను. ఐటీఐలో పిల్లలకు నూనె చుక్క కింద పడితే తుడిపించేదాన్ని, ఆ రోజు నేను తుడవలేదు. వత్తులు అంటించాను. మంట అంటుకుందో లేదో కూడా కనబడలేదు. అరచేయి దగ్గర పెడితే వేడి తగిలింది. స్పిరిట్ మంట అలాంటిది. నీడలో నీలంగా కనిపిస్తుంది, ఎండలో అసలు కనబడదు. ఆ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, కాగితం మీద రాసుకున్నాను కూడా.

ఐదారు నిమిషాలకు సన్నగా సీటీ లాంటి చప్పుడు వచ్చింది. తర్వాత సేఫ్టీ వాల్వు లోంచి తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది. ఆవిరి వదిలే రెగ్యులేటర్ తిప్పాను. ముందు సిలిండర్ల లోంచి నీళ్లు కక్కింది, ఒకసారి ఆగింది, తర్వాత కదిలింది. నా చేతుల్తో గీకి గీకి చేసిన ఆ ఇత్తడి ముద్ద తనంతట తాను, ఛఫ్ ఛఫ్ ఛఫ్ ఛఫ్ అనుకుంటూ, పలక ఆ కొస దాకా పోయింది. నేను చిన్నపిల్లలా అరిచాను. ఆ కొసకు పరుగెత్తి దాన్ని వెనక్కి తిప్పి పంపి, మళ్లీ ఈ కొసకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మొహం పట్టాల దాకా వంచి చూస్తున్నాను.

అప్పుడే ఏదో వచ్చి నా మీద పడింది. బరువుగా, తడిగా, బురద వాసనతో. గోనె సంచి. దాని వెనకాలే అత్తమ్మ. అరవై దాటిన మనిషి తన బరువంతా వేసి నన్ను పక్కకు తోసింది. నా మోచేయి పలకకు తగిలింది. పలక జారింది. నడుస్తున్న ఇంజను పట్టాలు తప్పి డాబా మీద పడి, బోర్లా కొట్టుకుంటూ ఆవిరి కక్కింది. రెండేళ్ల పని. చిమ్నీ వంగిపోవడం నా కళ్లతో చూశాను.

"పిచ్చి లేసిందా ముసల్దానా!" అని అరిచాను.

ఆ మాట నేనే అన్నాను. ఇప్పటికీ రాస్తుంటే చేయి ఆగుతున్నది. పెళ్లయినప్పటి నుంచి ఆమెను నేను అత్తమ్మా అనే పిలిచాను తప్ప ఇంకో మాట అనలేదు.

ఆమె నా వైపు చూడలేదు. నా కాళ్ల మీద గోనెను రెండు చేతులతో అదిమి అదిమి పడుతున్నది. ఏదో గొణుగుతున్నది. అప్పుడు నేను నా ఒంటి మీదికి చూసుకున్నాను. మెడలో వేలాడుతున్న కాటన్ చున్నీ సగం లేదు. ఉన్న సగం అంచు నల్లగా, ముడుచుకుపోయి, సన్నగా పొగలు కక్కుతున్నది. కుర్తా కింది అంచుకు అరచేయంత రంధ్రం. మోకాలి మీద చర్మం ఎర్రగా ఉంది. అప్పటిదాకా నాకు మంట కనబడలేదు. తగిలిన వేడి ఎండదో, ఇంజనుదో అనుకున్నాను. పలక మీద పొర్లిన స్పిరిట్ ఎప్పుడో అంటుకుంది. దాని మీదికే నేను చున్నీ వేలాడేసుకుని వంగాను.

గోనె మీద ఆమె కుడి చేయి. అరచేతి తోలు తెల్లగా ఉబ్బి, ఒకచోట చిట్లింది. కాలుతున్న చున్నీని వట్టి చేత్తోనే పట్టుకుని గుంజిందని అప్పుడు అర్థమైంది.

"ఆర్పు, ముందుగాల దాన్ని ఆర్పు" అన్నది ఇంజన్ను చూపించి. నేను కదలలేదు. ఆమే లేచి బకెట్‌లో నీళ్లు తెచ్చి ఇంజను మీద, పలక మీద పోసింది.

ఆటోలో సర్కారు దవాఖానకు పోయాం. ఆదివారం కాబట్టి రద్దీ లేదు. కట్టు కట్టిన నర్సమ్మ "స్టవ్వా అవ్వా?" అని అడిగింది. "ఔ బిడ్డా, స్టవ్వే" అన్నది అత్తమ్మ. నా మోకాలికి మలాం రాశారు. మందుబిళ్లల కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. 

"అత్తమ్మా, మంట నీకెట్ల కనబడ్డది?" అని చివరికి అడిగాను.

"మంట కనబడలే. నీ చున్నీ అంచు ముడుచుకుంటుంటె చూసిన. దాని మీద గాలి వణుకుతుండె." తర్వాత, ఎదుటి గోడ చూస్తూ, పొలం సంగతి చెప్పినట్టే చెప్పింది.

"మా నాయిన ఈ స్టేషన్ల హమాలి. నీకు తెల్వదు. వానికి గూడ తెల్వదు."

వాడంటే మా ఆయన. మా ఆయన తాత, అంటే అత్తమ్మ తండ్రి, పల్లెలో కూలి చేసేవాడని మాత్రమే మేం విన్నాం.

"మాల్ గోదాం ఎనక గుడిసెలుంటుండె. మేం ఆన్నే పుట్టినం. నేను, మా అక్క."

మా అక్క. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు. ఆమె ఒక్కతే కూతురని అందరం అనుకున్నాం.

"ఇంజను బూడిద దులిపిపోతె అండ్ల సగం కాలిన బొగ్గు ఉంటది. గంపలు వట్టుకొని పోయి ఏరుకొస్తుంటిమి. ఇంట్ల పొయ్యిల అదే. పెద్ద బండ్లు వచ్చుడు పోవుడు. డబ్బాలు అటు నూకుడు ఇటు గుంజుడు మాత్రం ఒక పొట్టి ఇంజను చేస్తుండె. నీదాని అసొంటిదే. రెండు పక్కల నీళ్ల పెట్టెలు. పొద్దంత దాని చప్పుడే మాకు. దాని డ్రైవరు మంచోడు. బూడిద సల్లారినంక చెయ్యి ఊపుతుండె. అప్పుడు పోతుంటిమి."

"ఊఁ."

"ఆ దినం ఆయిన ఇంక చెయ్యి ఊపలే. మా అక్కనే ఆగలే. నాకు తొమ్మిదో పదో ఉంటయ్. అక్క నాకంటె నాలుగేండ్లు పెద్దది. గిట్లనే ఎండకాలం, మిట్టమధ్యాహ్నం. బూడిద పైన తెల్లగ సల్లగ కనబడ్డది. లోపట నిప్పు ఉన్నట్టే లేదు. లంగ ఏస్కొని ఉన్నది. కుప్ప మీదికి ఎక్కింది."

కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది.

"ఎగురుతున్నది. ఈ కాలు ఎత్తుతది, ఆ కాలు ఎత్తుతది. చేతులు ఊపుతున్నది. ఎండల మంట కనబడలే బిడ్డా. జర్రంత పొగ, గంతే. నన్ను నవ్విచ్చెతందుకు ఆడుతున్నదనుకున్న. నవ్విన. సప్పట్లు గూడ గొట్టిన."

దవాఖాన వరండాలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆమె ఆగలేదు.

"ఇంజను మీదికెంచి బొగ్గేసేటాయన దుంకిండు. తడి గోనె తెచ్చి చుట్టిండు. అప్పుడు చూసిన నేను, లంగ లేదు. నాలుగు దినాలున్నది. మా నాయిన ఆడ ఇంక ఉండలే. అందర్ని తీస్కొని పల్లెకు వచ్చిండు. మల్ల ఆ మాట ఎవ్వలెత్తలే. నేను నవ్విన్నని ఎవ్వలకు చెప్పలే. మా నాయినకు చెప్పలే, అవ్వకు చెప్పలే, మీ మామకు గూడ చెప్పలే."

గోనె సంచి కాళ్ల కింద వేసుకోవడానికి కాదని నాకు అప్పుడు తట్టింది. నేను స్పిరిట్ సీసా తీసుకుని మెట్లెక్కుతుంటే చూసి, పెరట్లోకి పోయి సంచి వెతికి, నీళ్లలో ముంచి, నా వెనకాల వచ్చింది. డాబా మీద కూర్చున్నంతసేపూ నా బట్టల అంచులనే చూస్తూ కూర్చుంది. నేను ఇంజన్ను చూసి అరుస్తుంటే ఆమె నన్ను కాపలా కాసింది.

"అత్తమ్మా, నేను ఇందాక పైన అన్న మాట..." అన్నాను.

"ఏమన్నవ్? నాకు ఇనబడలే" అన్నది.

సిలిండర్ ఒక దెబ్బ తక్కువ కొడితే పప్పు ఏరుకుంటూనే వినగలిగిన మనిషి. మందుల కిటికీ దగ్గర మా చీటీ పిలిచారు. లేచి పోయి బిళ్లలు తెచ్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు తుడుచుకుని, చెప్పులు వెతుక్కుంటున్నది. "వానికి చెప్పకు" అన్నది.

చెప్పలేదు. ఇంజను దీపం చున్నీకి అంటుకుందని, అత్తమ్మ ఆర్పిందని మాత్రం చెప్పాను. మా ఆయన తల్లి చేయి చూసి తెల్లబోయాడు. తర్వాత కోపం. "ఆ దిక్కుమాలిన దాన్ని రేపే పాత ఇనుము కింద కబాడీకి ఏస్తా" అని నేను ఇంజను పెట్టిన పెట్టె ఎత్తుకున్నాడు. నేను అడ్డం పోలేదు. పడేసినా బాగుండు అనిపించింది.

"పెట్టు ఆడ" అన్నది అత్తమ్మ. ఆమె గొంతు పెంచడం మేమిద్దరం ఎన్నడూ వినలేదు. "దాని తప్పేమున్నది? ఇంజను ఏం చేసింది?"

ఆయన పెట్టె కింద పెట్టాడు.

నెల రోజులు నేను దాన్ని ముట్టలేదు. ఐటీఐలో పిల్లలు వెల్డింగ్ నిప్పు రవ్వల దగ్గరికి పోతే ఉలిక్కిపడి అరిచేదాన్ని. ఇంట్లో అత్తమ్మకు అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని, తల దువ్వేదాన్ని, కుడి చేయి పనికి రాదు కాబట్టి. ఆ పనులు చేస్తున్నప్పుడల్లా నాకు ఆమె మొహం చూడాలంటే భయమేసేది. ఇన్నేళ్లు ఒక మనిషి ఇంత మోసుకుని మన ముందు పప్పు ఏరుకుంటూ తిరిగింది, మనకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ దెబ్బ నా మోకాలి మచ్చ కన్నా ఎక్కువ రోజులు నొప్పెట్టింది.

చెప్పింది చివరికి ఆమే. ఒక మధ్యాహ్నం ముగ్గురం తింటున్నాం. మా ఆయన ఊరికే, చేయి ఎట్లుందమ్మా అని అడిగాడు. ఆమె చేయి చూసుకుంది. చూసుకుని, నాకు చెప్పినట్టే, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. నవ్విన సంగతి కూడా దాచలేదు. ఆయన చేయి కంచంలోనే ఉండిపోయింది. కాసేపటికి లేచి, చేయి కడుక్కోకుండానే వాకిట్లోకి పోయి, బండి పట్టుకుని నిలబడ్డాడు. నేను పోబోతే అత్తమ్మ వద్దని తల ఊపింది. ఆయనే తిరిగి వచ్చాడు.

"ఆమె పేరేంది?" అని అడిగాడు.

అత్తమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. నీళ్లు తాగింది. రెండోసారికి పేరు వచ్చింది. ఎన్నేళ్లయిందో ఆ పేరు బయటికి వచ్చి. దాన్ని ఇక్కడ రాయను. ఆమెకు ఒక ఫొటో లేదు, ఒక కాగితం లేదు. ఒకమ్మాయి ఈ ఊర్లో పుట్టి, పెరిగి, పోయిందని చెప్పేది లోకంలో ఈ ఒక్క మనిషి గుర్తు మాత్రమే. మా ఆయన తల్లి పక్కన కింద కూర్చుని, ఆ పేరును తాను ఒకసారి అన్నాడు. సరిగ్గా అన్నానా అన్నట్టు ఆమె వైపు చూశాడు.

"ఆఁ, అదే" అన్నది.

"నువ్వు చిన్నపిల్లవు అమ్మా. నీకేం తెలుస్తది?"

"తెల్వదు" అన్నది ఆమె. "తెల్వకపోయినా నవ్విన గద."

చల్లబడ్డ అన్నంలో మజ్జిగ పోసుకుంది.

వానలు పడ్డాక ఇంజన్ను మళ్లీ బయటికి తీశాను. తీయమన్నది అత్తమ్మే. చిమ్నీ సాపు చేశాను, పలక మీద రేకు పరిచాను, పొర్లినా చుట్టూ పోకుండా దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టాను. చున్నీ లేదు, బిగుతు చేతుల చొక్కా. ఎండలో కాదు, వరండా నీడలో, నీలం మంట కంటికి కనబడేట్టు. మా ఆయన ఒక చేతిలో తడి గోనె, ఇంకో చేతిలో బకెట్ పట్టుకుని సిపాయిలా నిలబడ్డాడు. అత్తమ్మ చిన్న గరాటుతో బాయిలర్లో నీళ్లు పోసింది. ఇంజను నడిచింది. ఆమె సంతోషపడిందని నేను చెప్పలేను. తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, నీళ్లయిపోయి అది ఆగేదాకా విన్నది.

ఆగిన తర్వాత కళ్లు తెరిచి, "ఒకసారి రైలెక్కనా?" అన్నది.

వారం తిరక్కముందే ఆమెను స్టేషనుకు తీసుకుపోయాను. ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచింది. గోదాం ఎక్కడుండేదో, గుడిసెలు ఎక్కడుండేవో, బూడిద గుంట ఎక్కడో వెతికింది. ఏదీ లేదు. అంతా సిమెంటు, పైన కరెంటు తీగలు. ఒక చోట ఆగి, "గిక్కడనేమో" అన్నది. తర్వాత, "కాదు, తెలుస్తలేదు" అన్నది. బండి వచ్చినప్పుడు నా చేయి గట్టిగా పట్టుకుంది, కుడి చేత్తోనే. గరుకుగా మారిన ఆ అరచేయి చెమట పట్టి ఉంది. ఎక్కేముందు ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. నేను తోయలేదు, లాగలేదు. తనే ఎక్కింది.

కోహీర్ దాకా టికెట్ తీసుకున్నాం. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఏమన్నా అంటుందని, అక్క గురించి ఇంకేదన్నా చెప్తుందని నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఎర్రమట్టి చెలకలు వెనక్కి పోతున్నాయి.

"ఈళ్ల కంది మంచిగొచ్చింది" అన్నది. "మనూరి దిక్కు గిట్ల లేదంట ఈయేడు."

కోహీర్‌లో దిగి జామపండ్లు కొనుక్కున్నాం. తిరుగు బండికి చాలాసేపు ఉందన్నారు. ఆటోలో కూర్చుని జహీరాబాద్ వచ్చాం, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని. దారి పొడుగునా ఆమె ఆటో కుదుపులను తిట్టింది.